కోపం పట్టేంత పెట్టె

గట్టు టీచర్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ముక్కు మీదే ఉండుంటే ఇన్ని తిప్పలెందుకు? ఆవిడ కోపం గొంతులో ఉండేది. ఆ గొంతునే డాక్టర్లు తీసేశారు.

పదకొండు నెలల కిందటి మాట. గొంతులో గడ్డ ముదిరిందని స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరి ఆడడానికి మెడ కింద చొక్కా గుండీ అంత రంధ్రం పెట్టి ఇంటికి పంపారు. మనిషి బతికి బయటపడింది. అందరూ సంతోషించారు, ఆవిడా సంతోషించింది. కాకపోతే ఇరవై రెండేళ్ళు ఈత నేర్పిన మనిషి ఇక జన్మలో నీళ్ళలోకి దిగకూడదు. ఆ రంధ్రంలోకి నీళ్ళు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ఆ దెబ్బని ఎలాగో దిగమింగుకుంది. దిగమింగలేనిది ఇంకొకటుంది. తిట్టాల్సిన చోట తిట్టలేకపోవడం.

ఆవిడ పనే అరవడం. కప్పు వేసిన పెద్ద ఈతకొలను, ఆరు లైన్లు, పొద్దున్నే ఆరింటికి నలభై మంది పిల్లలు. వాళ్ళు నీళ్ళలో ఈదుతుంటే ఆవిడ గట్టు మీద వాళ్ళ పక్కనే నడిచేది. అందుకే గట్టు టీచర్ అయింది. నీళ్ళలో ముంచిన తలకి మాటలెక్కడ వినపడతాయి? "మోచెయ్యి పైకెత్తు, చెయ్యి ముందుకు చాపు" అని చెప్పేలోగా పిల్ల అవతలి గట్టు చేరిపోతుంది. అందుకని ఆవిడ మాటలు మానేసి చాలా ఏళ్ళయింది. 'ఊఁ' అంటే ఇంకా లాగు అని. 'ఊఁహూఁ' అంటే తప్పు. 'ఆఁ!' అంటే శభాష్. 'ఛ' అంటే నిన్న చెప్పింది ఇవాళ మరిచావని. పాఠం మధ్యలో గట్టెక్కి ఎవరైనా జారుకోబోతే సాగదీసి 'ఆఁ...?' అనేది. ఆ ఒక్కదానికి ఆరు లైన్లలోనూ పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ గోడ పట్టుకుని తలలెత్తేవాళ్ళు. ఆ కొలనుకి ఇప్పటి సూపరింటెండెంటు కూడా పదేళ్ళ వయసులో రెండో లైనులో అలా తలెత్తినవాడే.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడ చేతికి ఒక పలక ఇచ్చారు. రాసి చూపించమని. చెప్పండి, పలక మీద రాసి ఎవరినైనా తిట్టగలరా? కోపానికి వేగం కావాలి. ఆవిడ సగం రాసేలోగా అవతలి మనిషి వీధి చివరికి వెళ్ళిపోతాడు. మొగుడి సంగతి మరీ దారుణం. స్కూలు వ్యాను నడిపే ఆయన అంతకుముందు నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడు పలక మీద మొదటి రెండు మాటలు చూసి మిగతాది తనే పూర్తిచేస్తున్నాడు. "ఆ, అర్థమైందిలే, మందులు తేవాలంతేగా." కాదు! ఆవిడ రాయబోయింది మందుల గురించి కాదు, ఇంట్లోకి తెచ్చిన బురద చెప్పుల గురించి. పలక చెరిపి మళ్ళీ రాయాలి. అప్పటికి ఆయన చెప్పులేసుకుని మందులకి బయల్దేరేవాడు.

మెడకి ఆనించి మాట్లాడే బుర్రుమనే మిషను ఒకటి తెచ్చారు. రేడియేషన్‌కి మెడ చర్మం అట్టలా గట్టిపడిపోయింది, దోమ పాడినట్టు తప్ప ఏమీ రాలేదు. ఫోనులో రాస్తే చదివే యాప్ ఒకటి పెట్టారు. "గాడిదా, మోచెయ్యి ఎత్తు" అని కొడితే అది రైలు వేళలు చెప్పినంత మర్యాదగా "గాడిదా, మోచెయ్యి ఎత్తు" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఫోను విసిరేయబోయి, నీళ్ళు గుర్తొచ్చి ఆగింది.

తర్వాత సూపరింటెండెంటు ఒక విజిల్ తెచ్చిచ్చాడు. గొంతు లేకపోయినా ఊపిరి ఉంది కదా, ఊదొచ్చు కదా అని. మహానుభావుడు, ఆవిడ ఊపిరి ఇప్పుడు నోట్లోంచి రాదన్న సంగతి ఆయన బుర్రకి తట్టనేలేదు. ఆ సంగతి పలక మీద రాస్తుండగానే ఫోనొచ్చి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా కబురు: "మేడమ్ ఇక తాళాల గదిలో కూర్చుంటారు. బట్టల అరల తాళాలు ఇచ్చి పుచ్చుకోవడం. హాయిగా నీడపట్టున."

నీడపట్టునట! ఆ రోజు ఆవిడ ఇంటికొచ్చి గిన్నెలు తోమిన తోముడికి వాటికి నోరుంటే ఏడ్చేవి.

పెట్టె సంగతి ఆ తర్వాతి వారం మొదలైంది. మరిది కీబోర్డులు, సింథసైజర్లు బాగుచేస్తాడు. ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి అతని దుకాణానికి వెళ్ళింది. బల్ల మీద, మీటల ఊసే లేకుండా, బొడిపెలూ చిల్లులూ ఉన్న రేకు పలకలు బిగించిన పెట్టె ఒకటుంది. చిల్లుల మధ్య రంగురంగుల వైర్లు. అతనేదో బొడిపె తిప్పాడు. పెట్టె "ఊఁ" అంది.

టీచర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. మళ్ళీ తిప్పమని వేలితో చూపించింది.

"దీన్ని మాడ్యులర్ అంటారు వదినా. ఒక్కో పలకా ఒక్కో మాడ్యూల్. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది. కావాల్సినవి ఏరుకుని, వైర్లతో కలుపుకోవడమే. ఎవరి పెట్టె వాళ్ళది."

ఆవిడ పలక తీసి రాసింది: "నాకొకటి కావాలి. తిట్టడానికి."

మరిది నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడతను నవ్వడం మానేసి కాయితం తీశాడు.

గట్టు మీద నడవాలి కాబట్టి పెట్టె బస్సు కండక్టరు సంచిలా భుజానికి వేలాడాలి. నీళ్ళ దగ్గర ప్లగ్గులు కుదరవు కాబట్టి బ్యాటరీ మీదే నడవాలి. ఇవన్నీ లెక్కేస్తే తేలింది ఏడు మాడ్యూళ్ళకి మాత్రమే చోటున్న చిన్న పెట్టె. ముడి మోత పుట్టించే ఆసిలేటర్ ఒకటి. ఆ మోతని ఆ, ఊ, ఈ అని నోరు తిప్పినట్టు తిప్పే ఫిల్టర్ ఒకటి. బుసకొట్టే నాయిస్ మాడ్యూల్ ఒకటి, అది లేకపోతే 'ఛ' లేదు. వేలితో రుద్దే పట్టీలు కుడికొకటి, ఎడమకొకటి, రెండు చోట్లు తినేశాయి. పట్టీ మీద వేలు పైకి జరిపితే గొంతు లేస్తుంది, గట్టిగా నొక్కితే యాంప్లిఫయర్ తెరుచుకుని శబ్దం బయటికొస్తుంది, వదిలేస్తే మూసుకుంటుంది. దానికి యాంప్లిఫయర్ ఒకటి. అవి ఆరు. ఏడో చోటు ఖాళీ.

ఆ ఒక్క ఖాళీ చోటు కోసం ఇంట్లో పెద్ద గలాటాయే జరిగింది.

"ఎకో పెడదాం వదినా. గొంతుకి నిండుదనం వస్తుంది. గుహలో పాడినట్టుంటుంది" అన్నాడు మరిది.

ఆవిడ కొట్టిపారేసింది. ఆ కొలను హాలు నిండా టైల్సు గోడలే, చిటికేస్తే నాలుగుసార్లు వినపడుతుంది. అక్కడ ఇంకో ఎకో దేనికి?

"పోనీ సీక్వెన్సర్? ఒకసారి నేర్పిస్తే దానంతటదే ఊఁ, ఊఁ, ఊఁ అంటూ లెక్క తప్పకుండా నడుస్తుంది. నీకు చేతి నొప్పి ఉండదు."

"నాకు కోపం లెక్క ప్రకారం రాదు" అని రాసిందావిడ.

 మూడోనాడు మొగుడు మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "రికార్డు చేసింది మళ్ళీ వినిపించే మాడ్యూల్ ఉంటుందట కదా. తమ్ముడు చెప్పాడు. నీ పాత గొంతు..."

ఆవిడ చూసిన చూపుకి ఆయన మిగతా మాట మింగేశాడు.

ఆవిడకి కావాల్సింది రెండో యాంప్లిఫయర్. అందరికీ విడ్డూరం. ఒకటుండగా ఇంకొకటి దేనికి? సొంతంగా చప్పుడైనా చెయ్యని ఉత్త తలుపు లాంటిది. కానీ వారం రోజులు ఆ పెట్టెతో వంటింట్లో పోట్లాడింది ఆవిడ, వాళ్ళు కాదు. మోతా బుసా ఒకే యాంప్లిఫయర్‌లోంచి వస్తుంటే ఏం నొక్కినా రెండూ కలిసే వస్తున్నాయి. "శభాష్ అన్నా ఛ వినపడుతోంది" అని రాసింది. కుడి పట్టీ గొంతుకి, ఎడమ పట్టీ బుసకి, దేని తలుపు దానికుండాలి. అప్పుడే మెచ్చుకోలు మెచ్చుకోలుగా, ఛీత్కారం ఛీత్కారంగా ఉంటాయి. ఈ ముక్క అర్థమయ్యాక మరిది చేతులెత్తేశాడు. "సరే తల్లీ, నీ ఇష్టమే కానియ్."

రెండో యాంప్లిఫయర్ బిగించాక వంటింట్లోంచి ఒక 'ఊఁహూఁ' వచ్చింది. హాల్లో పేపరు చదువుతున్న మొగుడు తెలియకుండానే బురద చెప్పులు తీసి బయట పెట్టాడు. ఆవిడ చాలా నెలల తర్వాత ఆ రోజు పళ్ళు కనపడేలా నవ్వింది.

సూపరింటెండెంటుని ఒప్పించడానికి మరిది మూడుసార్లు తిరిగాడు. ఆఖరికి "ఒక్క పూట చూద్దాం. పిల్లలకి వినపడి, పాఠం నడిస్తే మేడమ్ గట్టు మీదే ఉంటారు. లేకపోతే తాళాల గది. ఇంక మళ్ళీ అడగొద్దు" అన్నాడాయన. బుధవారం పొద్దున అని ఖాయమైంది. మంగళవారం మరిది పెట్టె పట్టుకెళ్ళాడు. నీళ్ళు చిందినా తడవకుండా రెక్సిన్ తొడుగు కుట్టిస్తానన్నాడు. బుధవారం కొలను గేటు దగ్గర తెచ్చిచ్చాడు. నల్లటి తొడుగులోంచి రెండు పట్టీలు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. ముద్దొచ్చేలా ఉంది. పక్కనే మొగుడు, వ్యాను ఆపి మరీ వచ్చాడు, ఏదో దాచుకున్న మొహంతో.

మొదటి లైను చక్కగా నడిచింది. కుడి వేలితో 'ఊఁ' అంటే పిల్లలు లాగారు, 'ఆఁ!' అంటే ఒకడు నీళ్ళలోనే పళ్ళికిలించాడు. సూపరింటెండెంటు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మూడో లైనులో ఒక పిల్ల ఉంది, ఆవిడ తాబేలు అని పిలిచే పిల్ల. వేగంలో అందరికంటే ముందే, కానీ మోచెయ్యి వాల్చేస్తుంది. వాల్చింది. టీచర్ ఒళ్ళంతా కూడదీసుకుని ఎడమ పట్టీ మీద గట్టిగా నొక్కింది, 'ఛ' కోసం.

"ఏవండీ, గొడుగు తెచ్చారా?"

హాలంతా మోగింది. ఆవిడ సొంత గొంతు. పదకొండు నెలల కిందట చచ్చిన గొంతు, స్పష్టంగా, కాస్త విసుగ్గా, గోడగోడకీ తగిలి "తెచ్చారా, తెచ్చారా" అంటూ తిరిగింది.

పిల్లలు ఈత ఆపేశారు. ఎవడో "లేదండీ!" అన్నాడు. ఇంకేముంది, నలభై మందీ విరగబడి నవ్వారు. తాబేలు మాత్రం నవ్వలేదు. గోడ పట్టుకుని భయంగా టీచర్ మొహంలోకి చూసింది.

"మేడమ్, ఇది ఈతకొలను, నాటకాల కంపెనీ కాదు" అన్నాడు సూపరింటెండెంటు. "చూశాం కదా. రేపట్నుంచి తాళాల గదికి వచ్చెయ్యండి." ఆవిడ పలక తీసి సుద్ద పట్టుకునేసరికి ఆయన వీపు కనపడుతోంది.

ఇంటికొచ్చేదాకా ఆవిడ ఎవరి మొహమూ చూడలేదు. వచ్చాక పెట్టెని వంటింటి బల్ల మీద పెట్టి తొడుగు లాగేసింది. ఏడో చోటులో రెండో యాంప్లిఫయర్ లేదు. దాని బదులు రికార్డు వినిపించే మాడ్యూల్ మెరుస్తోంది. ఎడమ పట్టీ వైరు దానికి తగిలించి ఉంది. అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు, ఒకరి వెనక ఒకరు నక్కి.

"వదినా, నేను వద్దనే అన్నాను. అన్నయ్యే..."

"నీకు తెలియకుండా పెట్టి, నువ్వు విని సంతోషిస్తావనుకున్నానే" అన్నాడు మొగుడు. "ఫోనంతా వెతికాను. ఎక్కడా నీ గొంతు లేదు. అన్నింట్లోనూ నువ్వు వీడియోలు తీస్తున్నావు, మేమే వాగుతున్నాం. దొరికింది అదొక్కటే, గొడుగు గురించి. అందులో నీ గొంతు ఒక్క ముక్కైనా ఉండాలని..."

జాలి పడాల్సిన మాటే. తర్వాతెప్పుడో పడింది కూడా. అప్పుడు మాత్రం పడలేదు, ఎందుకు పడాలి? ఆవిడ ఏరుకున్నది తీసేసి, వాళ్ళకి ముచ్చటైనది పెట్టారు. ఆవిడ వాక్యాన్ని మళ్ళీ వాళ్ళే పూర్తిచేశారు. పలక మీద సుద్ద విరిగేలా రాసింది:

"నేను చచ్చానా?"

"ఛఛ, అవేం మాటలే!"

చెరిపి రాసింది. ఈసారి ఆయన మధ్యలో చదవలేదు, ఆవిడ చెయ్యి ఆగేదాకా నిలబడ్డాడు. "మరి బతికున్నదాని మాట ఒక్కటైనా వినండి. ఆ గొంతు గొడుగు ఒక్కటే అడుగుతుంది. నేను ఇంకా చాలా అడగాలి."

మొగుడు తల దించుకున్నాడు. మరిది జేబులోంచి రెండో యాంప్లిఫయర్ తీసి, బిగించబోతూ ముందుకొచ్చాడు. ఆవిడ అతని చేతిలోంచి మాడ్యూలూ స్క్రూడ్రైవరూ రెండూ లాక్కుంది. వెనక వైరు తిరగేసి పెడితే మాడ్యూల్ మాడిపోతుంది, వైరు అంచునున్న ఎర్ర గీత కిందికి రావాలి. అతను చెప్పబోయాడు. ఆవిడ వేలు చూపించింది, నోరు మూసుకోమని. కోపంతో మొహం కందిపోయింది. ఎర్ర గీత కిందికే పెట్టింది. ఊడదీసిన రికార్డు మాడ్యూల్‌ని మొగుడి చేతిలో పెట్టింది. కావాలంటే ఆయన వ్యానులో వినుకోవచ్చు.

గురువారం పొద్దున ఆరింటికి ఆవిడ తాళాల గది ముందు నుంచే నడిచి, లోపలికి కూడా చూడకుండా గట్టు మీదికి వెళ్ళింది. ఎవరి అనుమతీ అడగలేదు. అడగడానికి పలక తియ్యాలి, ఆ ఓపిక లేదు. పిల్లలు నీళ్ళలో ఉన్నారు. ఎవడో "టీచర్, గొడుగు తెచ్చారా?" అన్నాడు. ఎడమ పట్టీ నొక్కింది. 'ఛ!' అని కొరడా చెళ్ళుమన్నట్టు మోగింది. వాడు నోరు మూసుకుని నీళ్ళలో మునిగాడు. ఇక పాఠం నడిచింది. మూడో లైనులో తాబేలు మోచెయ్యి వాలబోయింది. 'ఊఁహూఁ.' లేచింది. ఇంకో నాలుగు బారలు, మళ్ళీ లేచింది. 'ఆఁ!' అంది పెట్టె, బుస అన్నది లేకుండా. తాబేలు తలెత్తకుండానే ఇంకా జోరు పెంచింది.

ఏడింటికి సూపరింటెండెంటు వచ్చాడు. చేతిలో తాళాల గుత్తి.

"ఏంటి మేడమ్ ఇది? నిన్ననే చెప్పాను కదా. ఒక్క పూట అనుకున్నాం, అయిపోయింది. మీ మంచికే చెప్తున్నాను, మీ ఆరోగ్యం చూసుకోవాలి. ఇదిగో తాళాలు, ఆ గది తెరవండి." గుత్తిని పక్కనున్న బెంచీ మీద పడేశాడు. ఆవిడ భుజం మీది సంచిలోంచి పలక తీస్తోంది. ఆయన ఆ పలక చూశాడు, గడియారం చూసుకున్నాడు, ఎప్పట్లాగే వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచాడు.

పలకని చంకలో ఇరికించి, టీచర్ కుడి వేలు పట్టీ మీద పెట్టి, నిదానంగా పైకి జరిపింది.

"ఆఁ...?"

ఆరు లైన్లలోనూ పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ గోడ పట్టుకుని తలలెత్తారు. గుమ్మం దగ్గర సూపరింటెండెంటు కాలు గాల్లో ఆగిపోయింది. ముప్పై రెండేళ్ళ మనిషి, టై కట్టుకున్న మనిషి, గిర్రున వెనక్కి తిరిగాడు.

"వస్తున్నా టీచర్" అన్నాడు.

అన్నాక ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు, వాళ్ళకి అందులో నవ్వేదేమీ కనపడలేదు. ఆయన గట్టు మీద తడి టైల్సు మీంచి నడుచుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

ఆవిడ అప్పుడు పలక తీసింది. తొందరపడలేదు. సుద్ద మొన అరిగిందని తిప్పి పట్టుకుంది. ఒక్కో అక్షరం గుండ్రంగా, దీర్ఘాలతో సహా రాసింది. ఆయన జేబులో ఫోను మోగింది. ఒకసారి తియ్యబోయి, ఆవిడ వేలు పట్టీ మీదికి వెళ్ళడం చూసి మానేశాడు. రాయడం అయ్యేదాకా నిలబడ్డాడు. ఆవిడ పలక తిప్పి చూపించింది.

"తాళాల గదికి వేరే మనిషిని చూసుకో. నాకు పాఠం ఉంది."

ఆయన పూర్తిగా చదివాడు. బెంచీ మీది తాళాల గుత్తి తనే తీసుకున్నాడు. టీచర్ అప్పటికే మూడో లైను వైపు తిరిగింది, తాబేలు మళ్ళీ మోచెయ్యి వాల్చేసింది.